వడ్డన తెలిసిన చేతులు



పెనుమూడి రేవులో నిలబడి తూర్పుకు చూడండి. ముందు కృష్ణమ్మ. నది మీద పొడుగాటి వారధి. వారధికి అవతల పులిగడ్డ. రేపల్లె నుంచి బయల్దేరిన బండి ఆ వారధి దాటితే మోపిదేవి, చల్లపల్లి మీదుగా మచిలీపట్నం చేరుతుంది. వారధి రాకముందు ఈ రేవులో పడవే దిక్కు. ఇవాళ కాసేపట్లో దాటేస్తున్నాం.

ఆ అవతలి ఒడ్డున, మచిలీపట్నంలో, 1869లో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు రఘుపతి వెంకయ్య. తెలుగు సినిమాకు పితామహుడని మనమంతా చెప్పుకునే మనిషి. ఆయన మద్రాసు వెళ్లి ఫొటోలు తీసే వృత్తిలో స్థిరపడ్డారు. 1910లో ముప్పై వేల రూపాయలు పోసి ఒక యంత్రం తెప్పించుకున్నారు. దాని పేరు క్రోనోమెగాఫోన్. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన గ్రామఫోను పలికేది. ముప్పై వేలంటే ఆ రోజుల్లో ఎంత డబ్బో ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి చూడండి. ఉన్నదంతా తాకట్టు పెట్టి ఆ యంత్రం కొన్నారని చెబుతారు. మద్రాసులో విక్టోరియా పబ్లిక్ హాలులో చిన్న చిన్న సినిమాలు చూపించారు. యంత్రాన్ని వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగారు. సిలోన్, రంగూన్ కూడా వెళ్లొచ్చారు. తర్వాత మద్రాసులోనే గెయిటీ అనే థియేటర్ కట్టారు. కొడుకు ప్రకాష్‌తో కలిసి 'భీష్మ ప్రతిజ్ఞ' అనే మూకీ తీసింది 1921లో.

ఇందులో ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. 1910లో చూపించడం మొదలైంది. 1921లో తీయడం మొదలైంది. మధ్యలో పదకొండేళ్లు. పదకొండేళ్లపాటు ఆయన సినిమాలు ఎంచుకున్నారు, మోసుకెళ్లారు, జనం ముందు వేశారు, జనం ముఖాలు చూశారు. మన సినిమాకు పితామహుడు ముందుగా చూపించేవాడు. ఆ తర్వాతే తీసేవాడు.

ఈ మాట ఇవాళ ఎందుకు ఎత్తానంటే, మన పిల్లలకు సినిమా అంటే మోజు ఉంది. తెనాలి, రేపల్లె, బాపట్ల కాలేజీల్లో ఎవరిని కదిపినా ఒకరు డైరెక్టర్ అవుతానంటారు, ఒకరు కెమెరా పడతానంటారు. మంచిదే. ఈ నేలకు ఆ హక్కుంది. బుర్రిపాలెం కృష్ణగారిది. మోరంపూడి జగ్గయ్యగారిది. శారదగారు తెనాలి ఆడపడుచు. మన పొలాల మాట పాటలో పెట్టిన కొసరాజుగారు బాపట్ల దగ్గర అప్పికట్లవారు. ఆడినవాళ్లున్నారు, తీసినవాళ్లున్నారు, రాసినవాళ్లున్నారు. ఎంచి చూపించడం నేర్చుకుంటామనే పిల్లలు మాత్రం ఇంకా రావాలి. సినిమా పండుగల్లో ఈ పనిని ప్రోగ్రామింగ్ అంటారు. మాట కొత్తగా ఉన్నా పని మనకు తెలిసిందే.

మన ఇళ్లలో విందు భోజనం ఎలా జరుగుతుంది? విస్తరి వేస్తాం. ఏది ఎక్కడ వడ్డించాలో ఒక పద్ధతుంది. ముందు తీపి. తర్వాత పప్పూ నెయ్యీ. కూర, పచ్చడి, పులుసు. చివరకు పెరుగు. వంట ఎంత బాగా కుదిరినా, పెరుగన్నం ముందు పెట్టి పప్పు చివర పెడితే విందు చెడిపోతుంది. పంక్తిలో పసిపిల్ల ఉంటే కారం తక్కువది చూసి వేస్తాం. పెద్దాయన ఉంటే అన్నం మెత్తగా ఉండేలా చూస్తాం. వండటం ఒక విద్య, వడ్డించడం ఇంకో విద్య. సినిమా పండుగకు సినిమాలు ఎంచడం కూడా వడ్డనే. ఏ సినిమా, ఎవరికి, ఏ వేళకు, ఏ సినిమా తర్వాత. ఈ నాలుగు ప్రశ్నలూ మళ్లీ చెబుతాను, గుర్తుంచుకోండి. ఏ సినిమా? ఎవరికి? ఏ వేళకు? దేని తర్వాత?

ఈ విద్యలో మనవాళ్లు ఆరితేరినవాళ్లే. సినిమాలో కాదు, పత్రికలో. 'చందమామ' మీ అందరికీ తెలుసు. 1947లో నాగిరెడ్డిగారూ చక్రపాణిగారూ దాన్ని మొదలుపెట్టారు. చక్రపాణిగారిది తెనాలి. తర్వాత దశాబ్దాలపాటు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. ఒక్కసారి పాత సంచిక తిరగేయండి. ఒక సీరియల్, ఒక బేతాళ కథ, ఒక జానపదం, ఒక పురాణం, చివర ఫొటోకు వ్యాఖ్య రాసే పోటీ. భయపెట్టే కథ పక్కన నవ్వించే కథ. పెద్ద కథ తర్వాత ఒక పేజీ కథ. పదేళ్ల పిల్లవాడు చదువుతాడు, వాళ్ల నాయనమ్మ చదివించుకుని వింటుంది. ఆ ఇద్దరినీ కళ్లముందు పెట్టుకుని కూర్చితేనే అలాంటి సంచిక తయారవుతుంది. కాగితం మీద వాళ్లు చేసిన కూర్పును తెర మీద చేయమని మన పిల్లల్ని అడుగుతున్నాను. అంతే.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పనివ్వండి. ఇరవై ఏళ్ల కిందటి మాట. మేం నలుగురం మిత్రులం ఒక పల్లెలో సినిమా వేశాం. ఇరాన్ దేశపు సినిమా. అబ్బాస్ కియరోస్తమీ 1987లో తీసింది. కథ చాలా చిన్నది. అహ్మద్ అనే పిల్లవాడు బడిలో పక్కవాడి నోటుపుస్తకం పొరపాటున తన సంచిలో పెట్టుకుని ఇంటికొస్తాడు. మర్నాడు ఆ పుస్తకంలో హోంవర్కు లేకపోతే మాస్టారు పక్కవాణ్ణి బడి నుంచి పంపేస్తారు. అందుకని ఆ పిల్లవాడు పుస్తకం చంకన పెట్టుకుని, కొండ దాటి పక్క ఊరికి పరుగెత్తుతాడు. స్నేహితుడి ఇల్లెక్కడో తెలియదు. ఎవరిని అడిగినా సరిగా చెప్పరు. పొద్దుగూకుతుంది.

గొప్ప సినిమా. మాకు ప్రాణం. ఎంపికలో తప్పు లేదు. మిగతాదంతా తప్పే. తెర కట్టేసరికి తొమ్మిదిన్నర అయింది. కింద అక్షరాలు ఇంగ్లీషులో వస్తున్నాయి. చదివి చెప్పేవాళ్లు లేరు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు నిద్రపోయారు. మగవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఒకావిడ మాత్రం చంటిబిడ్డను భుజాన వేసుకుని, గోడకానుకుని నిలబడి చూస్తూ ఉంది. సగంలో ఇంటి నుంచి పిలుపొచ్చింది. వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే బస్సు కోసం నిలబడ్డాం. ఆవిడ కుళాయి దగ్గర బిందె పెట్టి మా దగ్గరకొచ్చింది. అడిగింది, "బాబూ, ఆ పిల్లోడికి ఇల్లు దొరికిందా?"

దొరకలేదమ్మా, ఇంటికొచ్చి ఆ హోంవర్కు తనే రాసిపెట్టాడు, అన్నాం. ఆవిడ ముఖం వెలిగింది. "మంచి పని చేశాడు," అంది. బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి మేం చేసిన అపచారం నాకు అప్పుడు అర్థమైంది. సినిమా ఆవిడకు అందింది. భాష రాకపోయినా అందింది. ముగింపు మాత్రం మేం అందనివ్వలేదు. రెండు గంటలు ముందు మొదలుపెట్టి ఉంటే, మాలో ఒకడు మైకు పట్టుకుని మాటలు తెలుగులో చెప్పి ఉంటే, ఆవిడ ఆ చివరి దృశ్యం తన కళ్లతో చూసేది. నోటుపుస్తకం పేజీల మధ్య ఒక చిన్న పువ్వు ఉంటుంది. ఆ పువ్వును ఆవిడ చూసేది. సినిమా ఎంచడం సగం పనే. ఏ వేళకు, ఎవరికి అనేది మిగతా సగం. మేం ఆ సగం మరిచిపోయాం.

మరి పల్లెల్లో ఈ పని సాధ్యమేనా? ఎవరైనా చేశారా? చేశారు. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, శివమొగ్గ జిల్లాలో, హెగ్గోడు అని ఒక చిన్న పల్లె. చుట్టూ వక్కతోటలు. అక్కడ 1949లో నీనాసం అనే నాటక సంఘం పుట్టింది. దాన్ని నడిపిన కె.వి. సుబ్బణ్ణగారు 1973లో ఊళ్లో ఫిల్మ్ సొసైటీ పెట్టారు. ప్రపంచ ప్రసిద్ధ సినిమాలు పల్లె జనానికి చూపించారు. చూపించి ఊరుకోలేదు. సినిమా ఎలా చూడాలో, ఎలా మాట్లాడుకోవాలో శిబిరాలు పెట్టి కన్నడంలో నేర్పారు. 1991లో సుబ్బణ్ణగారికి మెగసెసే అవార్డు వచ్చింది. అంతా ఒక పల్లె నుంచే.

ఇంకో ఉదాహరణ దూరదేశానిది. ఇటలీ దక్షిణాన జిఫోని అనే చిన్న ఊరు. 1971లో క్లాడియో గుబిటోసి అనే కుర్రవాడు అక్కడ పిల్లల సినిమా పండుగ మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు అటూ ఇటూ. అక్కడ బహుమతి ఏ సినిమాకివ్వాలో తేల్చేది పిల్లలే. ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచి పిల్లలు ఆ ఊరికి వెళ్తున్నారు. స్కాట్లాండులో గ్లాస్గో నగరంలో ఒక యువజన చిత్రోత్సవం ఉంది. దానికి సినిమాలు ఎంచేది హైస్కూలు వయసు పిల్లలు.

మన తెలుగు నేల మీద? హైదరాబాదు గుర్తుకు రావాలి. 1979, అంతర్జాతీయ బాలల సంవత్సరం. ఆ ఏడాది బొంబాయిలో బాలల చిత్రోత్సవం మొదలైంది. దాన్ని 'బంగారు ఏనుగు' పండుగ అని పిలుచుకునేవాళ్లం. 1995 నుంచి అది హైదరాబాదుకు వచ్చింది. చాలాసార్లు నవంబరు 14, నెహ్రూగారి పుట్టినరోజున తెర లేచేది. బస్సుల నిండా బడిపిల్లలు. ఏ భాషదో తెలియని సినిమాకు థియేటర్ దద్దరిల్లే నవ్వులు. పెద్దవాళ్ల పక్కనే పిల్లలూ న్యాయనిర్ణేతలుగా కూర్చునేవారు. పిల్లలు తీసిన సినిమాలకూ చోటుండేది. 20వ పండుగ 2017 నవంబరులో జరిగింది. ఆ పండుగలు చూసిన పిల్లల్లో చాలామంది ఇవాళ పెద్దవాళ్లయ్యారు. ఆ అనుభవం ఉన్నవాళ్లు మన ఊళ్లకొచ్చి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేర్పితే ఎంత బాగుంటుంది!

ఆ పండుగ మహానగరానిది. నేను అడిగేది మన రేవు పండుగ. పెనుమూడిలో, మూడు సాయంత్రాలు. సినిమాలు ఎంచేది పదిమంది పిల్లలు. పెనుమూడి నుంచి కొందరు, రేపల్లె నుంచి కొందరు, బాపట్ల, తెనాలి నుంచి కొందరు. ఊహించండి నాతో.

పని ఎక్కడ మొదలవుతుంది? చూడటంతో. వారానికి రెండు సినిమాలు. విడివిడిగా ఫోన్లలో కాదు, ఒకచోట కూర్చుని. చూసిన వెంటనే ఎవరూ మాట్లాడకూడదు. ఒక్కొక్కరూ కాగితం మీద ఐదు వాక్యాలు రాయాలి. "బాగుంది", "బాగాలేదు" అనే మాటలు నిషేధం. ఏ దృశ్యం గుర్తుండిపోయింది? ఎందుకు? ఈ సినిమా మా ఊళ్లో ఎవరు చూడాలి? మా నాన్న చూస్తాడా? మా అత్త చూస్తుందా? ఐదు వాక్యాలు రాసినవాడికి తన మనసు తనకు తెలుస్తుంది. ఈ సాధన మరిచిపోకండి. ముందు చూడటం, తర్వాత రాయడం, ఆ తర్వాతే మాట్లాడటం.

తర్వాత వాదన. ఇది అసలైన చదువు. ఒక అమ్మాయి ఒక సినిమా కోసం పట్టుబడుతుంది. ఒక అబ్బాయి వద్దంటాడు. గొంతు పెద్దదున్నవాళ్ల మాట నెగ్గకూడదు. కారణం ఉన్న మాట నెగ్గాలి. మూడు సాయంత్రాల్లో పట్టేది ఆరేడు సినిమాలే. ఇరవై ఇష్టపడ్డాక పదమూడు వదులుకోవాలి. ఇష్టమైనదాన్ని పదిమంది కోసం వదులుకోవడం ఏ కాలేజీలోనూ నేర్పరు. ఇక్కడ నేర్చుకుంటారు.

ఒక సాయంత్రాన్ని కూర్చి చూద్దాం. మొదట 'ది రెడ్ బెలూన్' వేద్దాం. ఫ్రెంచి సినిమా, 1956లో ఆల్బర్ట్ లామోరిస్ తీశారు. అరగంట దాటి నాలుగైదు నిమిషాలే. ఒక పిల్లవాడి వెంట ఒక ఎర్ర బుడగ కుక్కపిల్లలా తిరుగుతుంది. మాటలు దాదాపు లేవు. కాబట్టి భాష గొడవ లేదు. ముందు వరస పిల్లలు మెలకువగా ఉండే వేళ. విస్తట్లో ముందు తీపి. అది ముగియగానే ఐదు నిమిషాలు ఆగుదాం. పిల్లల్ని మాట్లాడనిద్దాం.

తర్వాత 'రైతుబిడ్డ'. 1939. గూడవల్లి రామబ్రహ్మంగారు తీశారు. జమీందారీ దౌర్జన్యాన్ని ఎదిరించే రైతు కథ. దాన్ని తీసిన సారథి సంస్థ వెనక నిలబడింది ఎవరో తెలుసా? చల్లపల్లి రాజావారు. ఆయన కూడా జమీందారే! సినిమా వచ్చాక మిగతా జమీందార్లు మండిపడ్డారు, సినిమా నిషేధం పాలైంది. అందులో పాటలు రాసినవారిలో మన అప్పికట్ల కొసరాజుగారున్నారు. ఇప్పుడు ఆలోచించండి. ఆ సినిమా హైదరాబాదు మల్టీప్లెక్సులో చూస్తే పాత సినిమా. పెనుమూడి రేవులో, నది అవతల చల్లపల్లి ఉన్న చోట, పొలం పని ముగించి కాళ్లు కడుక్కొచ్చిన రైతులు చూస్తే? కౌలు గురించి మాట్లాడుకుంటారు. తాతల కాలం శిస్తు గురించి చెప్పుకుంటారు. సినిమా మారలేదు. చోటు మారింది, దానికి ప్రాణం వచ్చింది. ఎంచేవాడి చేతిలో ఉన్న శక్తి ఇదే. ఏ సినిమా, ఎవరికి, ఏ వేళకు, దేని తర్వాత.

ఇక పనిలో పని, చట్టం సంగతి కూడా నేర్చుకోవాలి. ఇంట్లో చూసుకోవడం వేరు, పదిమందిని పిలిచి వేయడం వేరు. నలుగురిలో వేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. మన దేశంలో సినిమాకు కాపీరైటు అరవై ఏళ్లు. కాబట్టి 1939 నాటి సినిమాకు ఆ గడువు ఎప్పుడో తీరింది. కొత్త సినిమా అయితే నిర్మాతకు ఉత్తరం రాయాలి. ఫలానా ఊరు, ఫలానా తేదీ, టిక్కెట్టు లేదు, ఇంతమంది వస్తారు అని వివరంగా రాయాలి. సెన్సారు సర్టిఫికెట్టు ఉందో లేదో చూసుకోవాలి. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక నిర్మాతకు మర్యాదగా ఉత్తరం రాసి జవాబు రాబట్టిందంటే, ఆ పిల్ల రేపు ఏ ఆఫీసుకు వెళ్లినా తడబడదు.

ఇంకొకటి, మన రేవు సంగతి. పండుగ ఎప్పుడు పెట్టాలి? నవంబరు వద్దు. తుఫానుల నెల. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ ఇంకా మరిచిపోలేదు. డిసెంబరులో కోతలు. సంక్రాంతి వెళ్లాక అయితే ధాన్యం ఇళ్లు చేరుతుంది, మనసు తెరిపిన పడుతుంది. జనవరిలో ఆరు గంటలకే పొద్దుగూకుతుంది. ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ముగించాలి. ఆ తర్వాత మంచు పడుతుంది, చంటిపిల్లల తల్లులు లేస్తారు. నది మీది గాలికి తెర తెరచాపలా ఉబ్బుతుంది. నాలుగు మూలలా మోకులతో బిగించి కట్టాలి. ఆ ముడి ఎలా వేయాలో రేవులో పడవవాళ్లను అడిగితే చెబుతారు. ముందురోజు అదే వేళకు, అదే చోట, అదే సినిమా పది నిమిషాలు వేసి చూసుకోవాలి. చివరి వరసకు మాట వినపడుతోందా? వీధి దీపం వెలుగు తెర మీద పడుతోందా? ఇవన్నీ సినిమా ఎంపికలో భాగమే. మేం ఆ పల్లెలో నేర్చుకున్న పాఠం ఇది.

ఒక ప్రశ్న రావచ్చు. అందరి చేతుల్లో ఫోనుంది, అందులో వేల సినిమాలున్నాయి, ఇంత శ్రమ ఎందుకని. ఫోను మనకు సినిమా ఎంచిపెడుతుంది, నిజమే. నిన్న చూసినలాంటిదే ఇవాళ పెడుతుంది. ఒక్కడికే పెడుతుంది. పక్కింటివాళ్లు ఏం చూశారో మనకు తెలియదు. పదహారేళ్ల పిల్ల తన ఊరి గురించి ఆలోచించి, "అత్తా, ఈ సినిమా నీకోసం తెచ్చాను, రా," అని పిలిస్తే ఆ అత్త రాకుండా ఉంటుందా? ఆ పిలుపు యంత్రం పిలవలేదు. అలా పిలిచే పిల్లలు ఊరికి పదిమంది ఉంటే చాలు.

బడి మాస్టార్లకూ పంతులమ్మలకూ నా మనవి. మీ తరగతిలో వాదించే పిల్లలుంటారు. వాళ్లను గుర్తుపట్టండి. గ్రంథాలయం నడిపేవాళ్లకు మనవి. నెలకొక సాయంత్రం ఒక గది ఇవ్వండి. సినిమా రంగంలో స్థిరపడిన మన ప్రాంతంవాళ్లకు మనవి. ఊరొచ్చినప్పుడు ఒక్క పూట ఈ పిల్లల మధ్య కూర్చోండి. వాళ్ల ఐదు వాక్యాలు చదవండి.

చివరగా పిల్లలకు ఒక మాట. పండుగ రేపే పెట్టక్కర్లేదు. ఈ ఆదివారం ఒక్క సినిమా ఎంచండి. మీ ఇంట్లోవాళ్ల కోసం, మీ వీధివాళ్ల కోసం. ఎవరికో ముందు అనుకోండి. వాళ్లు ఖాళీగా ఉండే వేళ చూసుకోండి. భాష రానివాళ్ల పక్కన కూర్చుని చెప్పండి. చివరిదాకా చూడనివ్వండి. తర్వాత వాళ్లు ఏమన్నారో ఒక నోటుపుస్తకంలో రాసి దాచుకోండి. రేపు మీరు పెట్టే పండుగకు అదే మొదటి పేజీ.